పరశురామ (డకోటా విమానము)

పరశురామ: భారత వైమానిక దళమువారి అధీనమునందున్న పునరుద్ధృత డగ్లస్ డకోటా విమానము. దీని తోకపై నున్న సంఖ్య వి.పి. 905. ఈ విమానపు లోహకాయము ఒక వంశమునకును, అది ధరించిన సంఖ్య వేరొక వంశమునకును చెందియుండుట దీని చరిత్రయందలి విశేషము.

జాతి లక్షణములు: అమెరికాలోని డగ్లస్ సంస్థ నిర్మింపగా 1935 డిసెంబరు 17న తొలిసారి ఎగిరిన డి.సి. 3 అను ప్రయాణిక విమానమును ద్వితీయ ప్రపంచ సంగ్రామ కాలమున సైనికావసరములకు అనువుగా మార్చి సి-47 అనిరి. బ్రిటిష్‌వారు దానికి డకోటా యని పేరిడిరి. సుమారు 95 అడుగుల రెక్కల విస్తారమును, ఒక్కొక్కటి 1,200 అశ్వశక్తి గల రెండు ఇంజనులును, ఇరువది యొకరు మొదలు ఇరువది యెనమండ్రు వరకు కూర్చుండదగిన చోటును గల ఈ విమానము మట్టి మైదానముల మీదను దిగగలిగెడిది. పదివేలకు పైబడి నిర్మితములైన సైనిక డకోటాలలో పెక్కు యుద్ధానంతరము మిగులు సామగ్రిగా స్వల్ప మూల్యమునకు లభించుటచే, అనేక దేశములందు నూతన విమాన సంస్థలు వానితోనే వ్యాపారమారంభించినవి.

హైదరాబాదు డకోటాలు: హైదరాబాదులోని బేగంపేట విమానాశ్రయము ఒకప్పుడు ఇట్టి సంస్థకే నిలయము. నిజాము ప్రభుత్వమును టాటాలును కలిసి 1945లో స్థాపించిన దక్కన్ ఎయిర్‌వేస్ డకోటాలతో ప్రయాణికులను చేరవేసెను. భారతదేశమున వాణిజ్య విమానమును నడపిన ప్రథమ మహిళ ప్రేమ్ మాథుర్‌కు ఉద్యోగమొసగినదియు నీ సంస్థయే. 1953లో విమానయానము జాతీయమైనపుడు దాని విమానములు, తక్కిన స్వదేశీ సంస్థల విమానములతోపాటు, ఇండియన్ ఎయిర్‌లైన్స్ అధీనమైనవి.

స్వామ్య చరిత్ర: పరశురామ మాత్రము ఈ దేశమున నెన్నడును టిక్కెట్టు ప్రయాణికులను మోసినది కాదు. యుద్ధకాలమున నిర్మితమై, కె.ఎన్. 397 అను సంఖ్యతో బ్రిటిష్ రాయల్ వైమానిక దళమున చేరిన ఈ విమానము తదుపరి పౌర విమానమై, జి-ఏఎమ్‌ఎస్‌వి అను నమోదుతో నడచి, కొవెంట్రీ కేంద్రముగా గల ఎయిర్ అట్లాంటిక్ సంస్థ చేతిలో సముద్రముపై తేలిన చమురు తెట్టెను కరగించు ద్రవమును చల్లుటకు వినియోగింపబడినది. పిమ్మట నాటి పార్లమెంటు సభ్యుడైన రాజీవ్ చంద్రశేఖర్ దీనిని సంపాదించి, వ్యయమోర్చి బ్రిటనులో పునరుద్ధరింపజేసెను. ఆయన తండ్రి ఎయిర్ కమొడోర్ ఎం.కె. చంద్రశేఖర్ డకోటా పైలటగుటయే ఈ సంకల్పమునకు మూలము. మొదట తిరస్కృతమైన ఈ దానమును, మనోహర్ పారికర్ రక్షణ మంత్రియైన తరువాత ప్రభుత్వమంగీకరించెను. 2018 ఫిబ్రవరి 13న దానపత్రము వైమానిక దళాధిపతి బి.ఎస్. ధనోవాకు అందినది.

సంఖ్యా గౌరవము: 1947 అక్టోబరు 27న లెఫ్టినెంట్ కర్నల్ దీవాన్ రంజిత్ రాయ్ నాయకత్వమున మొదటి సిక్కు పటాలమును శ్రీనగరమునకు చేర్చిన డకోటాలలో మొట్టమొదటి దాని సంఖ్య వి.పి. 905 అని వైమానిక దళము పేర్కొనుచున్నది. నాటి ఘట్టమున పౌర సంస్థల డకోటాలును పాల్గొన్నవి. ఆ మూల విమానము వేరు. దాని స్మృత్యర్థమే ఈ సంఖ్యను కొత్త విమానముపై చిత్రించిరి.

ప్రస్తుత స్థితి: 2018 ఏప్రిల్ 17న కొవెంట్రీని విడిచి, మజిలీలు చేయుచు ఐరోపా, పశ్చిమాసియాల మీదుగా వచ్చి, ఏప్రిల్ 25న జామ్‌నగర్ చేరిన ఈ విమానము, మే 4న హిండన్ స్థావరమున దళప్రవేశము పొందినది. 2021 గణతంత్ర దినోత్సవ కవాతున రెండు ఎం.ఐ. 17 హెలికాప్టర్ల నడుమ ఎగిరి, 1971 యుద్ధమున డకోటాలు చేసిన సేవను స్మరింపజేసెను. దక్కన్ ఎయిర్‌వేస్ వంటి సంస్థలకు జీవాధారమైన విమానజాతి ఎట్లు ఎగిరెడిదో నేటి తరము కన్నులార చూచుటకు ఈ దేశమున పరశురామ ముఖ్యమైన సాధనము.