ఊపిరితిత్తుల రాచపుండు - ఒక పురుగు చేసిన ఉపకారము

ఊపిరితిత్తులలో పుట్టెడి రాచపుండు, అనగా క్యాన్సరు, మిక్కిలి గుట్టుగా పెరుగు వ్యాధి. తొలిదశలో నొప్పి యుండదు. దగ్గు వచ్చినను చుట్టదగ్గేయని త్రోసిపుచ్చుదుము. మన దేశమున దీనిని క్షయయని భ్రమించి నెలలు గడపుటయు కద్దు. నిజము బయటపడునప్పటికి శస్త్రచికిత్సకు అదను తరచుగా దాటిపోవును. రోగమును మొగ్గలోనే గుర్తించుటకై జరిగిన ప్రయత్నములలో ఒకదాని చరిత్రమును నేడు విన్నవింతును.

దీనికి మూలము వైద్యశాల గాదు, మిల్లీమీటరు పొడవుగల మంటిపురుగు. అమెరికాలో విక్టర్ ఆంబ్రోస్, రోజలిండ్ లీ, రోండా ఫైన్‌బామ్ అనువారు ఆ పురుగునందలి 'లిన్-4' అను జన్యువును శోధించి 1993లో ఒక వింతను ప్రకటించిరి. (ఆ పత్రమున మొదటి పేరు ఆంబ్రోసుగారి సతీమణియైన లీగారిదే, లోకము దానిని అంతగా తలచదు.) సాధారణముగా జన్యువులోని యాజ్ఞకు ఆర్‌ఎన్‌ఏ అను నకలు తయారై, దాని ననుసరించి ప్రోటీను పుట్టును. లిన్-4 ఏ ప్రోటీనును పుట్టింపదు. సుమారు 22 అక్షరముల ఆర్‌ఎన్‌ఏ తునుకను మాత్రము పుట్టించును. ఆ తునుక వేరొక జన్యువుయొక్క నకలును అంటుకొని దాని యమలును నిలుపునని గ్యారీ రవ్‌కున్ ఆ యేటనే చూపెను. దీనికే తరువాత మైక్రో ఆర్‌ఎన్‌ఏ యని పేరు వచ్చినది.

వ్యాకరణము చదివిన నాకు ఇది క్రొత్తగా తోచలేదు. పాణినీయమున 'క్త' ప్రత్యయమందలి కకారము 'కృత' శబ్దమున కానరాదు. అయినను గుణము రాకుండ చేయునది ఆ కకారమే. కనబడక శాసించునవి జీవకణమునందును కలవన్నమాట.

పురుగు ముచ్చటయేకదాయని పండితలోకము ఏడేండ్లు ఉపేక్షించెను. 2000లో రవ్‌కున్ బృందమువారు 'లెట్-7' అను మరియొకదానిని కనుగొని, అది మనుష్యునియందును కలదని నిరూపించిరి. ఊపిరితిత్తుల క్యాన్సరులో ఈ లెట్-7 తగ్గిపోవుననియు, మిక్కిలి తగ్గినవారు శస్త్రచికిత్స పిమ్మట త్వరగా మరణించుచున్నారనియు 2004లో జపాను పరిశోధకులు తెలిపిరి. కణముల పెరుగుదలను ప్రేరేపించు 'రాస్' జన్యువునకు లెట్-7 కళ్లెమని 2005లో తేలినది. ఆంబ్రోసు, రవ్‌కున్ లకు నోబెలు బహుమానము 2024లో వచ్చినది.

ఇట్టి తునుకలు రక్తములోనికిని వచ్చి చెడక నిలుచునని 2008లో చీనా, అమెరికా పరిశోధకులు కనుగొనిరి. అప్పుడు ఆశ చిగిర్చెను. ఇటలీలోని మిలాను నగరమువారు పొగత్రాగువారినుండి మునుపే తీసి భద్రపరచిన రక్తమును పరీక్షించి, స్కానులో వ్యాధి కనబడుటకు ఒకటి రెండేండ్లు ముందే రక్తమున మార్పులు కలవని 2011లో ప్రకటించిరి. 2014లో వారే 939 మంది రక్తముపై ఫలితములు వెల్లడించిరి. రోగులలో నూటికి 87 గురిని పరీక్ష పట్టెను. రోగము లేనివారిలో నూటికి 81 గురిని సరిగా విడిచెను.

ఈ సంఖ్యలను పలకపై వేసి చూడవలెను. వేయిమంది పొగత్రాగువారిలో పదుగురికి వ్యాధి యున్నదనుకొందము. పరీక్ష దాదాపు తొమ్మిదిమందిని పట్టును. కాని ఆరోగ్యవంతులైన 990 మందిలో 188 మందినికూడ అనుమానించును! సీటీ స్కానుకును ఇట్టి దోషమే కలదు. అమెరికాలో 53,000 మందికి పైగా జరిగిన పరిశోధన 2011లో వెలువడినది. ఎక్స్‌రేతో పోల్చగా, స్కాను మూలమున ఈ క్యాన్సరు మరణములు నూటికి 20 వంతులు తగ్గినవి. కాని స్కాను అనుమానించినవానిలో నూటికి 96 వట్టివే. మిలానువారు రెంటిని జోడించి చూడగా, స్కాను ఒక్కటే యున్నప్పుడు నూటికి 19గా నుండిన వృథానుమానములు నాలుగింటికి లోబడినవి. నా దృష్టిలో ఈ విద్యయొక్క నిజమైన ప్రయోజనమిదియే.

ఇక చిక్కులు. ఒక పరిశోధనాలయము పేర్కొన్న తునుకల పట్టిక మరియొకదానితో కలియదు. ఎఱ్ఱ రక్తకణములలో కొన్ని తునుకలు సమృద్ధిగా నుండును. సూదితో తీయునపుడు ఆ కణములు చితికెనా, లెక్కలన్నియు తారుమారగును. అందువలన రక్తము ఏమి చెప్పినను, అనుమానమున్నచోటినుండి చిన్న తునుకను తీసి సూక్ష్మదర్శినిక్రింద చూచినపిమ్మటనే వైద్యులు క్యాన్సరని నిర్ణయించుచున్నారు.