ఫోలిక్ ఆమ్లం, మెథోట్రెక్సేట్: స్త్రీ వైద్యంలో చరిత్ర

ఫోలిక్ ఆమ్లం బి-విటమినుల వర్గానికి చెందిన పోషకం. కణం రెండుగా చీలే ముందు తన డి.ఎన్.ఏ.కు నకలు సిద్ధం చేసుకుంటుంది. ఆ నకలుకు కావలసిన థైమిడిన్ అనే భాగం తయారు కావడానికి ఈ విటమిను అవసరం. అందువల్ల వేగంగా విభజన చెందే ఎముక మజ్జ, పిండం, మాయ (గర్భంలో బిడ్డను తల్లితో కలిపే అవయవం) దీని లోటుకు ముందుగా లోనవుతాయి. ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి, దాని స్థానంలో ఎంజైమును పట్టుకుని ఈ పనిని నిలిపివేసే మందులు ప్రతిఫోలేటులు. వాటిలో ముఖ్యమైనది మెథోట్రెక్సేట్.

ఈ చరిత్ర గర్భిణులతోనే మొదలైంది. 1928లో బొంబాయికి వచ్చిన ఆంగ్ల వైద్యురాలు లూసీ విల్స్, బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణుల్లో కనిపించే తీవ్రమైన రక్తహీనతను హాఫ్‌కిన్ సంస్థలో పరిశీలించి, ఈస్టు సారంతో అది నయమవుతుందని 1931లో ప్రకటించింది. ఆ సారంలోని పదార్థం ఏమిటో తేలడానికి మరికొన్నేళ్లు పట్టింది. 1941లో అమెరికాలో పాలకూర నుంచి వేరుచేసిన పదార్థానికి ఫోలిక్ ఆమ్లం అనే పేరు వచ్చింది.

దానిని ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసిన ఘనత ఎల్లాప్రగడ సుబ్బారావు నడిపిన పరిశోధక బృందానిది. ఆయన 1895 జనవరి 12న భీమవరంలో జన్మించి, రాజమండ్రిలోను మద్రాసులోను చదివి, అనపర్తికి చెందిన మామగారి తోడ్పాటుతోను, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయంతోను అమెరికాకు వెళ్లాడు. అప్పటికే ఆయన సోదరులిద్దరు స్ప్రూ అనే జీర్ణరోగంతో కొద్ది రోజుల తేడాలో మరణించారు. హార్వర్డ్‌లో సహపరిశోధకుడు ఫిస్కేతో కలిసి రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని (1925) రూపొందించి, ఫాస్ఫోక్రియాటిన్‌ను (1927) కనుగొన్న ఆ మహనీయుడు 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరాడు. 1945లో అక్కడ ఫోలిక్ ఆమ్లం తయారు కాగా, సోదరులను బలిగొన్న స్ప్రూ వల్ల కలిగే రక్తహీనతకు అదే మందయింది. ఆ బృందమే తయారుచేసిన ప్రతిఫోలేటు అమినోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ 1948లో లుకేమియా సోకిన పిల్లల్లో తాత్కాలిక ఉపశమనం సాధించాడు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు 53 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. అమినోప్టెరిన్‌కు సోదర పదార్థమైన మెథోట్రెక్సేట్ స్త్రీ వైద్యంలో చేసిన మేలును ఆయన చూడలేకపోయాడు.

1956లో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ కోరియోకార్సినోమాకు, అంటే మాయ కణాల నుంచి, తరచు ముత్యాల గర్భం (మాయ నీటి బుడగల గుత్తిలా అసహజంగా పెరిగే గర్భం) తరువాత, పుట్టే కాన్సర్‌కు మెథోట్రెక్సేట్ ఇచ్చి రోగిణులను బతికించారు. ఘన కణితి మందుతోనే నయం కావడం అది మొదటిసారి. 1982లో అండవాహికలో నిలిచిన గర్భానికీ ఈ మందు వాడారు.

కాన్సర్‌తోపాటు మరో రకం రోగాల్లోనూ ప్రతిఫోలేటులు వాడుకలోకి వచ్చాయి. శరీర రక్షణ వ్యవస్థ సొంత కణజాలంపైనే దాడిచేసే రోగాలు స్వీయరోధక వ్యాధులు. వీటిలో రుమటాయిడ్ కీళ్లవాతం, లూపస్ స్త్రీలలోనే ఎక్కువ. 1951లో గుబ్నర్ బృందం కీళ్లవాతానికి అమినోప్టెరిన్ ఉపయోగపడుతుందని చూపగా, అమెరికా ప్రభుత్వం మెథోట్రెక్సేట్‌కు ఈ వ్యాధిలో అనుమతినిచ్చింది 1988లో. గర్భకాలంలో కీళ్లవాతం దానంతటదే తగ్గుతుందని ఫిలిప్ హెంచ్ 1938లోనే గుర్తించాడు. ఆ పరిశీలన ఆయనను కార్టిసోన్ వైద్యం వైపు, 1950 నోబెల్ బహుమతి వైపు నడిపింది. బిడ్డ కణాలు తల్లి రక్తంలో దశాబ్దాలపాటు నిలుస్తాయని 1990లలో తేలిన తరువాత ఈ వ్యాధులకు గర్భంతో గల సంబంధాన్ని కణస్థాయిలో వెదకడం మొదలైంది.

ఇక ఫోలిక్ ఆమ్లం విషయానికి వస్తే, గర్భం దాల్చక ముందే దానిని తీసుకుంటే, వెన్నెముక సరిగా మూసుకోని బిడ్డ పుట్టిన తల్లుల్లో ఆ లోపం తిరిగి రావడం 72 శాతం తగ్గుతుందని బ్రిటన్ వైద్య పరిశోధనా మండలి 1991లో నిరూపించింది. భారతదేశంలో గర్భిణులకు ఇనుము, ఫోలిక్ ఆమ్లం కలిపిన మాత్రల పంపిణీ 1970లో ఆరంభమైంది. నేడు కొత్తపేట మండలంలోని పలివెల వంటి కోనసీమ గ్రామాల్లో సైతం రెండో త్రైమాసికం నుంచి రోజుకొకటిగా 180 రోజులు వాడవలసిన ఎర్రమాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. మెథోట్రెక్సేట్ మాత్రం పిండానికి హానికరం. కీళ్లవాతానికి వారానికొకసారి దానిని వాడే స్త్రీలు గర్భం కోరుకునే ముందే వైద్యుని సలహాతో మానివేయాలి.