స్పాయిలర్: అపరాధ పరిశోధక కథలు

కథలో దాచిన గుట్టును, ఇంకా చదవనివాళ్లకో చూడనివాళ్లకో ముందే చెప్పేయడాన్ని స్పాయిలర్ అంటారు. వాడుకలో మనం "సస్పెన్స్ చెప్పేశాడు" అంటాం. హంతకుడెవరన్న ప్రశ్న మీదే నడిచే అపరాధ పరిశోధక కథలకు దీని దెబ్బ ఎక్కువ.

బొగ్గుబావులు మూడు షిఫ్టుల్లో నడిచే రామగుండం, గోదావరిఖనిలో అందరూ ఒకే ఆటకు వెళ్లడం కుదరదు. ఫస్టు షిఫ్టు దిగినవాళ్లు సాయంత్రం చూసిన సినిమాను సెకండు షిఫ్టువాళ్లు మర్నాడు చూడాలి. ఈలోగా గుట్టు బయటపడకుండా ఉండాలంటే చూసినవాళ్లు నోరు కట్టుకోవాల్సిందే.

ఇదే పాత కరీంనగర్ జిల్లా ఒగ్గుకథకు పేరుపడ్డ నేల. బీరప్ప కథ, మల్లన్న కథ ఎలా ముగుస్తాయో వినడానికి వచ్చినవాళ్లకు ముందే తెలుసు. అయినా డోలు మోగితే కూర్చుంటారు. ఒకే కళాకారుడు ఇప్పుడు రాజు, మరుక్షణం కన్నతల్లి. ఆ మార్పు చూడటానికే తెల్లవార్లూ మేలుకుంటారు.

మరి హత్య కథకు ఈ సూత్రం పనికొస్తుందా? ఇటలీ పాత థ్రిల్లర్లను చూస్తే కొంతవరకు పనికొస్తుందనే చెప్పాలి. వాటిని 'జాల్లో' అంటారు. ఆ మాటకు అర్థం పసుపుపచ్చ. మొందదోరి ప్రచురణ సంస్థ 1929 నుంచి పసుపు అట్టలతో వేసిన అపరాధ నవలల వల్ల ఆ పేరు నిలిచింది. దారియో అర్జెంతో తీసిన 'ది బర్డ్ విత్ ది క్రిస్టల్ ప్లూమేజ్' (1970)లో హీరో రెండు గాజు తలుపుల మధ్య చిక్కుకుంటాడు. ఎదురుగా ఆర్ట్ గ్యాలరీలో ఒకామె మీద కత్తి దాడి. అరిచినా వినబడదు, కదిలి వెళ్లే దారి లేదు. ఆ రాత్రి చూసినదాంట్లో తనకు అందనిదేదో ఉందని సినిమా అంతా తవ్వుకుంటాడు. ముగింపు తెలిశాక మళ్లీ చూస్తే అదే దృశ్యం వేరేగా కనబడుతుంది. ఎన్నియో మొర్రికోనె సంగీతం మాత్రం ఎన్నిసార్లు విన్నా వణికిస్తుంది.

అమెరికాలో లెవిట్, క్రిస్టెన్‌ఫెల్డ్ అనే పరిశోధకులు 12 చిన్న కథలతో చేసిన పరీక్ష 2011లో అచ్చయింది. ముగింపు ముందే తెలిసిన పాఠకులే ఆ కథలను ఎక్కువ మెచ్చుకున్నారని తేలింది. తర్వాతి పరీక్షల్లో ఇందుకు విరుద్ధమైన ఫలితాలూ వచ్చాయి. ఆ ఒక్క పరీక్షను పట్టుకుని గుట్టు విప్పడం తప్పు. మళ్లీ చూడటం ఎన్నిసార్లయినా కుదురుతుంది, మొదటిసారి మాత్రం ఒక్కటే.

తెలుగులో కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ నవలలను తరాల పాఠకులు ఊపిరి బిగబట్టి చదివారు. సినిమాల్లో వంశీ 'అన్వేషణ' (1985)ది ప్రత్యేక స్థానం. అడవిలో చావులు, పులి మీద అనుమానం, పక్షుల కూతల మీద పరిశోధనకు వచ్చిన భానుప్రియ. హంతకుడెవరో తెలిసినవాళ్లు కూడా ఇళయరాజా సంగీతం కోసం, ఆ అడవి కోసం మళ్లీ చూస్తారు. చూడనివాళ్లు ఎదురుపడితే పాటల గురించి, అడవి గురించి ఎంతైనా చెప్పండి, హంతకుడి పేరు మాత్రం ఎత్తకండి.