బాస్ఫరసు తీరమున సైరస్ హామ్లిన్

పందొమ్మిదవ శతాబ్దమున అమెరికానుండి సముద్రములు దాటిపోయిన ప్రొటెస్టెంటు బోధకులలో పాఠశాలలు స్థాపించినవారు పెక్కుమంది కలరు. కాని విద్యార్థులకు పొగగొట్టములు చేయుట నేర్పి, సైనికులకు రొట్టెలు కాల్పించి, తుదకు కళాశాలాభవనమునకు తానే శిల్పియు మేస్త్రియు నైన సైరస్ హామ్లిన్ వంటివాడు మరియొకడు నాకు కానరాడు.

ఆయన 1811లో మెయిన్ రాష్ట్రమందలి వాటర్‌ఫర్డ్ గ్రామమున జన్మించెను. పసితనముననే తండ్రి గతించుటచే, తల్లి పోషణలో సేద్యపు పనులు చేయుచు పెరిగి, పదునారవ యేట పోర్ట్‌లండు నగరమునకు వెండిపని నేర్వబోయెను. పిదప బౌడన్ కళాశాలలో చేరి, అచట ఆవిరియంత్రమును గూర్చిన యుపన్యాసము విని, విన్నదానితో తృప్తి చెందక, అట్టి యంత్రము నొకదానిని స్వహస్తములతో నిర్మించెను. దైవశాస్త్రాధ్యయనము ముగిసిన వెనుక, బోస్టనులోని విదేశ మిషను బోర్డు పంపగా 1839లో కాన్‌స్టాంటినోపుల్ చేరి, మరుసటి యేడు బాస్ఫరసు తీరమందలి బేబెక్‌లో ఆర్మీనియను బాలురకై విద్యాలయమును తెరచెను.

తురుష్క సామ్రాజ్యమున ముసల్మానులకు మతాంతరబోధ దుస్సాధ్యమగుటచే ఈ మిషనువారు తఱచు ఆర్మీనియనుల నడుమనే పనిచేయుచుండిరి. తరతరములుగా క్రైస్తవులైనవారికి మరల క్రైస్తవము బోధింపవచ్చుట ఆర్మీనియను మతాధిపతికి సహింపరాని దయ్యెను. 1846లో ఆయన ప్రొటెస్టెంటు మార్గము నవలంబించినవారిని వెలివేసెను. వెలి యన నెట్టిదో మన పల్లెల నెరిగినవారికి వేరుగ చెప్పనక్కరలేదు: వృత్తిసంఘములనుండి తొలగింపబడిన కుటుంబములకు పనియు లేదు, బేరమును లేదు. చినిగిన బట్టలతో బడికి వచ్చుచుండిన బాలురకు హామ్లిన్ ఉచితముగా వస్త్రములిచ్చుట కిష్టపడక, కర్మశాల నొకదానిని నెలకొల్పి, రేకు పొయ్యిలను, పొగగొట్టములను, ఎలుకబోనులను చేయించి, అమ్మగా వచ్చిన సొమ్ముతో వారే బట్టలు కొనుక్కొనునట్లు చేసెను. దైవసేవకునకు ఈ వ్యాపారమేల యని సాటి మిషనరీలలో ముఖము చిట్లించినవారును లేకపోలేదు.

తరువాత ఆవిరి పిండిమరయు రొట్టెలబట్టీయు వెలసెను. క్రిమియా యుద్ధము రాగా, ఫ్లారెన్సు నైటింగేలు పరిచర్య చేసిన స్కుటారి ఆసుపత్రికి ఆ బట్టీనుండియే రొట్టెలు పోయెను. గాయపడిన సైనికుల బట్టలు పేలతో నిండియుండుటచే ఉతుకువారు ముట్టుటకు జంకగా, హామ్లిన్ బీరు పీపాలతో ఉతుకు యంత్రములు కట్టించి ఆ పనియు తలకెత్తుకొనెను. వచ్చిన లాభమును సొంతమునకు వాడుకొనక ప్రార్థనామందిరముల నిర్మాణమునకు వెచ్చించెను.

ఇట్టివానికి తన పైవారితోనే స్పర్ధ వచ్చెను. బోర్డు కార్యదర్శి రూఫస్ ఆండర్సన్ మతమున, మిషను పాఠశాల దేశభాషలో స్థానిక బోధకులను తయారుచేయవలెను. ఆంగ్లము నేర్చినవాడు బోధను విడిచి కొలువులకు పోవును. 1854-55లో ఆయన భారతదేశమునకును సింహళమునకును వచ్చినపుడు తమ మిషనువారి ఆంగ్ల పాఠశాలలు కొన్ని మూతపడినవి. ఆ భయము నిరాధారమని, ఆంగ్లవిద్య కచేరీ గుమాస్తాలను పెంచిన తీరు చూచిన మనము అనజాలము. అయినను ఆర్మీనియనులు, గ్రీకులు, బల్గేరియనులు, తురుష్కులు ఒక్కచోట కూర్చొని చదువవలసిన నగరమున ఏ యొక్కరి భాషను తక్కినవారు మన్నింతురు? హామ్లిన్ ఆంగ్లమును విడువలేదు. 1860 ప్రాంతమున బోర్డునే విడిచెను.

న్యూయార్కు వర్తకుడు క్రిస్టఫర్ రాబర్టు క్రిమియా యుద్ధకాలమున కాన్‌స్టాంటినోపుల్‌కు వచ్చి, నావలో పోవుచున్న రొట్టెలను చూచి, వాటిని చేయించినవానిని వెదకికొనెనని ప్రసిద్ధి. ఆయన విత్తముతో 1863లో, నలుగురు విద్యార్థులతో, బేబెక్‌లోని పాతయింటనే రాబర్టు కళాశాల ఆరంభమయ్యెను. 1452లో కట్టిన రూమేలీ హిసారు కోటకు పైనున్న గుట్టను అహ్మద్ వెఫిక్ పాషా వద్ద కొనిరి గాని, కట్టుటకు ప్రభుత్వానుమతి ఏండ్లకొలది రాలేదు. 1868లో అమెరికను నౌకాసేనాని ఫారగట్ వచ్చి, కళాశాలకు అనుమతి యేల ఈయరని మంత్రుల నడుగగా, క్రీటు ద్వీపపు తిరుగుబాటుతో చికాకుపడియున్న ప్రభుత్వము ఆ ప్రశ్న వెనుక యుద్ధనౌకల నూహించుకొన్నదని హామ్లిన్ నమ్మకము. నిజమేదైనను అనుమతి వచ్చెను. 1869 జూలై 4న శంకుస్థాపన జరుగగా, భవనమునకు నమూనా గీచి, రాతిపని కనిపెట్టి, కూలీలను నడిపించినవాడు ఆయనయే.

1871లో విద్యార్థులు క్రొత్త భవనమున ప్రవేశించిరి. కొంతకాలమునకు హామ్లిన్ ధనసేకరణకై స్వదేశమునకు పోగా, అభిప్రాయభేదములు ముదిరి, రాబర్టు ఆయనను మరల రానీయలేదు. కళాశాల అధ్యక్షత హామ్లిన్ అల్లుడు జార్జి వాష్‌బర్నునకు సంక్రమించెను. ఆ యన్యాయమునకు కళాశాల చరిత్రలో సమాధానము దొరకదు. తొలినాళ్ల విద్యార్థులలో బల్గేరియనులు పెక్కురు. అందొకడైన కాన్‌స్టాంటిన్ స్టోయిలోవ్ తరువాత బల్గేరియాకు ప్రధానమంత్రి యయ్యెను. హామ్లిన్ మాత్రము బ్యాంగరులో కొన్నాళ్లు బోధించి, డెబ్బదియవ యేటికి చేరువలో, 1880లో, వెర్మాంటులోని మిడిల్‌బరీ కళాశాలకు అధ్యక్షుడై అయిదేండ్లు పనిచేసెను. 1883లో అచట స్త్రీలకు ప్రవేశము లభించినది ఆయన హయాముననే.