విద్యుత్ తంత్రీవాద్యాల ప్రత్యక్ష ధ్వనిముద్రణ: పాత కృష్ణాజిల్లా నేపథ్యం

నూజివీడు మామిడితోటల సీమలో రెడ్డిగూడెం ఒక మండల కేంద్రం. పనసకర్రతో వీణలు చేసే నూజివీడుకూ, ఉప్పలపు శ్రీనివాస్ 1978లో త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ చేసిన గుడివాడకూ ఇది పాత కృష్ణాజిల్లాలో పొరుగు. (2022 పునర్విభజనలో ఈ మూడూ మూడు జిల్లాల పాలయ్యాయి.) ఎలక్ట్రిక్ గిటారును నేరుగా కంప్యూటరులో ముద్రించే పద్ధతి చరిత్రను పాశ్చాత్య స్టూడియోల వైపు నుంచే రాయడం పరిపాటి. ఈ ప్రాంతం వైపు నుంచి చూస్తే, తంత్రీవాద్యానికి విద్యుత్తు దేనికి అవసరమైందన్న ప్రశ్న ముందుకు వస్తుంది.

పాశ్చాత్య క్రమం సుపరిచితమే. 1960లలో డెట్రాయిట్‌లోని మోటౌన్ స్టూడియోలో గిటార్లను నేరుగా మిక్సింగ్ బల్లకు కలిపేవారు. 1968లో బీటిల్స్ బృందం ‘రెవల్యూషన్’ పాటకు అలాగే కలిపి, బల్ల భరించలేనంత సంకేతం పంపి, ఆ పగిలిన నాదాన్నే వాడుకున్నది. 1996లో స్టైన్‌బర్గ్ సంస్థ వీఎస్‌టీ ప్లగిన్ ప్రమాణాన్ని తెచ్చింది. 2002లో యాంప్లిట్యూబ్, 2004లో గిటార్ రిగ్ వచ్చాయి. ఇవి అనుకరించేది యాంప్లిఫయరునూ, దాని స్పీకరు పెట్టెనూ, పెట్టె ముందుంచిన మైకునూ. పెట్టె అనుకరణ లేకపోతే పగిలిన నాదం తేనెటీగల రొదలా వినిపిస్తుంది. అంటే అక్కడ యాంప్లిఫయరు వాద్యంలో సగభాగం.

శ్రీనివాస్ విషయం వేరు. మాండొలిన్‌కు నాలుగు జతల తీగలు. నాదం త్వరగా ఆరిపోతుంది. జతతీగలను పక్కకు లాగి గమకం పలికించడం కష్టం. ఆయన ఐదు ఒంటితీగల విద్యుత్ మాండొలిన్‌ను ఎంచుకున్నారు. గురువు రుద్రరాజు సుబ్బరాజు పాడి చూపగా, శిష్యుడు దాన్ని తీగపై పలికించేవాడు. అనుకరించవలసింది గాత్రం. పికప్ ఇచ్చిన నిడివి ఆ గాత్రధర్మానికి ఉపకరించింది. 1995లో గిటారిస్టు మైకేల్ బ్రూక్‌తో కలిసి చేసిన ‘డ్రీమ్’లో ఈ రెండు ధోరణులూ ఒకచోట వినిపిస్తాయి.

వీణ దగ్గర చిక్కు మరింత సూక్ష్మం. గిటారు పికప్ అయస్కాంతంతో పనిచేస్తుంది కనుక ఉక్కుతీగలే దానికి పలుకుతాయి. మంద్రస్థాయి ఇత్తడితీగలు పలకవు. అందువల్ల కర్రకు అంటించే కాంటాక్ట్ మైకు తప్పదు. దాన్ని అధిక నిరోధం గల వాద్య ప్రవేశానికి కలపకపోతే మంద్రం పలచబడుతుంది. అది మెట్లపై వేలి రాపిడిని పట్టినంతగా కుండలోని గాలిని పట్టదు. ఇక గిటారు కోసం చేసిన ప్లగిన్‌ను యథాతథంగా తగిలిస్తే నష్టం ఎక్కువే. నాదాన్ని పగలగొట్టే ప్రక్రియ సాధారణంగా రెండు తీగల పౌనఃపున్యాల మొత్తాన్నీ భేదాన్నీ కొత్త స్వరాలుగా పుట్టిస్తుంది. తాళతంత్రి స్థిరంగా మోగుతుండగా దానికన్నా తక్కువ స్థాయిలోని ప్రధానతీగపై జారు పైకి పోతే, భేదస్వరం కిందికి జారుతుంది. వాదకుడు పలకని ఎదురుగమకం అది! దాన్ని అలంకారంగా సమర్థించడం కష్టం.

కనుక నూజివీడు వీణల నాదాన్ని భద్రపరచాలనుకునేవారికి ప్లగిన్ తాకని మూలసంకేతమే ప్రధాన ప్రతి. ప్లగిన్‌ను ఎప్పుడైనా మార్చవచ్చు, తీసివేయవచ్చు. ప్రక్రియతో కలిపి ముద్రించిన నాదం నుంచి దాన్ని విడదీయడం సాధ్యం కాదు. కుండ ఎదుట మరో మైకు ఉంచి, రెండింటినీ వేర్వేరు ట్రాకులుగా ముద్రిస్తే, కర్ర పలికినదేదో గాలి మోసినదేదో తరువాతి పరిశోధకుడు విడిగా వినగలుగుతాడు.