పచ్చబొట్టు – ఇన్‌ఫెక్షన్ల నివారణ (ఉత్తర తెలంగాణ)

ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో గోండులకు పచ్చబొట్లు పొడవడం తోటి తెగ ఆడవాళ్ళ వృత్తి. మగవాళ్ళు కిక్రి అనే తీగవాద్యం వాయిస్తూ వంశగాథలు పాడతారు. సూదులు, మసి ఆడవాళ్ళవి. ఇప్పుడు జాతరల్లో మోటారు మిషన్లు, కరీంనగర్‌లాంటి పట్టణాల్లో టాటూ దుకాణాలు వచ్చాయి.

మిషన్ మారినా ప్రమాదం మారలేదు. ఒకరి చేతికి పొడిచిన సూదినే గుడ్డతో తుడిచి ఇంకొకరికి వాడితే హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవి సోకవచ్చు. వీటిలో హెపటైటిస్ బి మరీ మొండిది. ఎండిన రక్తంలోనూ కనీసం 7 రోజులు బతుకుతుంది. డెట్టాల్‌తో కడిగితే చాలదు. మనిషికో కొత్త సూది, విడి సిరా గిన్నె ఉండాలి. తిరిగి వాడే పరికరాలను ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల ఆవిరిలో ఉంచాలి. సిరా కూడా నమ్మదగ్గది కాదు: 2011–12లో అమెరికాలోని రోచెస్టర్‌లో కలుషిత సిరా వల్లే చర్మవ్యాధి వ్యాపించింది.

ఈ మాట ఊళ్ళకు చేర్చడానికి ఆశా కార్యకర్తలను మించినవాళ్ళు లేరు. ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో పుష్యమాసంలో జరిగే నాగోబా జాతరలోని వైద్య శిబిరాలూ అందుకు అనువైనవే. పొడిచేవాళ్ళను దోషులుగా చూడకుండా, వాళ్ళకే ముందు హెపటైటిస్ బి టీకా వేయించడం మేలు. సూది గుచ్చుకునేది మొదట వాళ్ళకే. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్ష, చికిత్స ఉచితం. ఈ ఇన్‌ఫెక్షన్ల భయం వల్లే పచ్చబొట్టు పొడిపించుకున్నవారి నుంచి 12 నెలల దాకా రక్తదానం తీసుకోరు.