భట్టీ దగ్గర కూచునే చోటు: తీవ్ర మానసిక వ్యాధుల్లో తాగుడు, పొగాకు

తీవ్రమైన మానసిక వ్యాధి ఉన్నవాళ్లు ఎందుకు తాగుతారని అడిగితే మన పరిశోధకులు నలభై ఏళ్లుగా ఎక్కువగా ఒకటే జవాబు చెబుతున్నారు: బాధ ఓర్చుకోలేక. మనోవైద్యుడు ఎడ్వర్డ్ ఖాంట్జియన్ 1985లో అమెరికన్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీలో ప్రచురించిన స్వీయ చికిత్స సిద్ధాంతమే దీనికి ఆధారం. సెమినార్ పత్రాల్లో దాన్ని ఉటంకించేవాళ్లే గానీ మన వీధుల్లో పెట్టి పరీక్షించేవాళ్లు కనబడరు. ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌లో దేవేంద్ర నగర్ చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో మాట్లాడాక ఆ సిద్ధాంతం మీద నాకు నమ్మకం పోయింది.

ఖాంట్జియన్ ఆ వ్యాసంలో ప్రధానంగా రాసింది హెరాయిన్, కొకైన్ వ్యసనపరుల గురించి. కోపం, దూకుడు అదుపు చేసుకోలేనివాడు హెరాయిన్ వైపు, కుంగిపోయినవాడు కొకైన్ వైపు మొగ్గుతాడని ఆయన వాదన. 1997లో సిద్ధాంతాన్ని సవరించినప్పుడూ ఈ మూలసూత్రాన్ని వదులుకోలేదు. కానీ ఏ బాధకు ఏ మత్తు కావాలో ఏరుకునే వీలు పేదవాడికి ఎక్కడిది? వీధిలో దొరికేదే చేతికొస్తుంది. ఎయిమ్స్ నిర్వహించగా కేంద్ర సామాజిక న్యాయ శాఖ 2019లో విడుదల చేసిన జాతీయ సర్వే ప్రకారం మద్యం వాడేవారు దేశం మొత్తం మీద 14.6 శాతం, ఛత్తీస్‌గఢ్‌లో 35.6 శాతం. ఇంతకంటే ఎక్కువ మరే రాష్ట్రంలోనూ లేదు. ఇక్కడి రోగి తాగేది ఇప్పసారా, లేదంటే భట్టీ, అంటే మద్యం దుకాణం, సరుకు. కాల్చేది బీడీ, పళ్లకు రుద్దేది గుడాఖు. ఏ జబ్బూ లేని పక్కింటివాడు వాడేవీ ఇవే.

1991లో మనోవైద్యురాలు లీసా డిక్సన్ బృందం స్కిజోఫ్రెనియా రోగులనే కారణాలు అడిగింది. మత్తు కోసం, సంతోషం కోసం, దిగులు పోవడానికి, మనసు తేలికపడడానికి అన్నవే ముఖ్యంగా వచ్చిన జవాబులు. జబ్బు వల్ల చెవిలో వినబడే మాటలు తగ్గుతాయని తాగేవాళ్లు తక్కువని తర్వాతి అధ్యయనాలూ చెప్పాయి. దిగులు పోగొట్టుకోవడమూ స్వీయ చికిత్సే కదా అనవచ్చు, కానీ అర్థాన్ని అంత సాగదీస్తే ఆ సిద్ధాంతం దేన్నీ వివరించదు.

మరి ఇక్కడి రోగి ఎందుకు తాగుతాడు? జవాబు ఈ బస్తీ బతుకులోనే ఉంది. విజయనగరం నుంచి రాయ్‌పూర్‌కు రైలు మార్గం 1931లో పూర్తయింది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి కూలికీ, రైల్వే పనులకూ వచ్చినవాళ్ల మూడో తరం ఇప్పుడు ఇక్కడ ఉంది. దేవేంద్ర నగర్‌ను ఆనుకునే పండ్రి బట్టల మార్కెట్టు. అక్కడ మూటలు మోసి, సాయంత్రం భట్టీ పక్కన చఖ్నా (నంజుడు) బండి దగ్గర చేరడం మగవాళ్ల దినచర్య. ఉడికించిన సెనగలు, ఉల్లిపాయ ముక్కలు, ప్లాస్టిక్ గ్లాసులు. జబ్బు చేసి మూట మోయలేని కుర్రవాడికి మార్కెట్లో చోటు పోతుంది, పెళ్లిళ్లకు పిలుపులు ఆగిపోతాయి, సంబంధాల మాట ఎత్తేవాళ్లుండరు. చఖ్నా బండి దగ్గర మాత్రం జరిగి చోటిస్తారు. గ్లాసు పట్టుకున్నవాణ్ణి అక్కడ ఎవరూ ఏం చేస్తున్నావని అడగరు. తాగిన పూట నలుగురిలో కూచుంటాడని, తాగని పూట గది దాటి రాడని, ఏది మంచిదో తనకు తెలియడం లేదని ఒక తల్లి చెప్పింది. కొడుకును తాగుబోతు అంటే ఆమె ఓర్చుకుంటుంది. అసలు జబ్బు పేరు బయటికొస్తే కూతురి సంబంధం చెడుతుందని ఆమె భయం. నేను చూసిన ఈ ఇళ్లలో రోగిని భట్టీకి నడిపించేది ఈ వెలివేతే.

పొగాకు సంగతి వేరు. మానసిక వ్యాధికి నెలనెలా ఇంజెక్షన్ వేయించుకునేవాళ్లు కాళ్లు ఒకచోట నిలవడం లేదని, ఒళ్లు బిగుసుకుపోతోందని, బీడీ కాలిస్తే కాస్త సడలుతుందని చెబుతారు. ఈ మాటను కొట్టిపారేయకూడదు. అయితే బీడీ మరో పనీ చేస్తుంది. దాని పొగలోని హైడ్రోకార్బన్లు కాలేయంలో ఒక ఎంజైమును చురుకు చేస్తాయి. దానితో క్లోజపిన్, ఒలాన్జపిన్ వంటి మానసిక వ్యాధి మందులు రక్తంలో త్వరగా తగ్గిపోతాయి. ఆ పని చేసేది పొగే, నికోటిన్ కాదు. శ్రీకాకుళంలో నాయనమ్మలు నిప్పు నోటి లోపలికి పెట్టుకుని అడ్డచుట్ట కాల్చేవారు, ఇక్కడి కోడళ్లు గుడాఖు రుద్దుతున్నారు. పొగాకూ బెల్లపు మడ్డీ కలిపిన ఆ నల్లటి ముద్దను చూపుడువేలితో చిగుళ్లకు పట్టిస్తే నికోటిన్ ఒంట్లోకి వెళుతుంది గానీ పొగ ఉండదు. కాబట్టి ఇంట్లోవాళ్ల పోరు పడలేక బీడీ మాని గుడాఖుకు మారిన రోగికి పాత మోతాదే ఎక్కువై మగత, చొంగ కారడం పెరగవచ్చు. పొగ నిషేధమున్న వార్డులో మోతాదు కుదిరినవాడు ఇంటికొచ్చి బీడీ అంటిస్తే అదే మోతాదు చాలక జబ్బు తిరగబెట్టవచ్చు. ఇంట్లోవాళ్లు అప్పుడు తాగుడును తిడతారు, బీడీ ఎవరికీ గుర్తుకురాదు.

పరిశోధకులు కిమ్ మ్యూజర్, రాబర్ట్ డ్రేక్, మైకేల్ వాలక్ 1998లో చెప్పినట్టు, ఈ రోగులకు కొద్దిపాటి మత్తే పెద్ద నష్టం చేస్తుంది. తాగుబోతుల లెక్కలో చూస్తే వీళ్లు తాగేది తక్కువే, అందుకే వీళ్ల మీద ఎవరి కన్నూ పడదు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాల వల్ల కలిగే మానసిక స్థితులనూ మానసిక అనారోగ్యం కిందే చేర్చింది. ఆచరణలో డీ-అడిక్షన్ కేంద్రాలు ఎక్కువగా సామాజిక న్యాయ శాఖ కింద, మానసిక వైద్యం ఆరోగ్య శాఖ కింద నడుస్తున్నాయి. ముందు తాగుడు మానెయ్యమని ఒకరు, ముందు మతి కుదుర్చుకోమని మరొకరు తిప్పితే రోగి మళ్లీ చఖ్నా బండి దగ్గరికే పోతాడు. మాన్పించేవాళ్లు సాయంత్రం ఆరింటికి అతను ఎవరి మధ్య కూచోవాలో కూడా చూడాలి. పండ్రి మార్కెట్లో పూటకు రెండు గంటల తేలిక పని దొరికినా కొందరైనా గ్లాసు దించవచ్చు. అది కుదిరేలోగా ఓపీ చీటీ మీద మోతాదు పక్కనే బీడీయా, గుడాఖువా, ఈ మధ్య మార్చారా అని ఒక గడి చేర్చడానికి ఏ బడ్జెట్టూ అక్కర్లేదు, రాయ్‌పూర్‌లో రేపే మొదలుపెట్టవచ్చు.